పేరు చెప్పలేదులే

జురాంగ్ ఈస్ట్

ప్రియమైన వాణీ,

ప్రభువు నామమున వందనాలు. షిప్‌యార్డులో పనిచేసే అప్పయ్య లీవు మీద చీరాల వస్తుంటే అతని చేతికిస్తున్నాను. ఫోన్లో అయితే నీ పక్కనే ఉండి మన అమ్మాయి వింటుంది.

నాలో ప్రసంగాల ఊట ఇంకిపోయింది. శనివారం వచ్చిందంటే గుండెలో రాయి పడుతుంది. సెంబవాంగ్, క్రాంజీల్లోని కూలీల హాస్టళ్ల నుంచి మన తెలుగు కుర్రాళ్లు ఉన్న ఒక్క సెలవూ మానుకుని మన అద్దె హాలుకు వస్తారు. వాళ్లకు నేను పెట్టేది పాచిపోయిన అన్నం. మొన్న తప్పిపోయిన కుమారుడి మీద చెబుతుంటే, నా జోకు చివరి మాట సంఘపెద్ద సాంబశివరావుగారు నాకంటే ముందే అందించారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడి కబుర్లు రాయి. నిజమైన మాట విని ఎన్నాళ్లయిందో.

నీ జీవరత్నం

చీరాల

ఏవండీ, వందనాలు.

అంత పెద్ద పాస్టరుగారికి జోకులు కరువయ్యాయా! అప్పయ్య చేతే ఆవకాయ పంపుతున్నాను, దాన్నయినా ఆదివారం దాకా ఉంచండి.

నిజమైన మాట అడిగారు గనక మీ ఒక్కరికే చెబుతున్నాను. అత్తమ్మ పోయిన రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనేనని మీ అక్క అరుణమ్మ వదిన ఇప్పటికీ చెబుతుంది. ఆ ఏడుపుకు ముందు నేనేమనుకున్నానో తెలుసా? "అమ్మయ్య, ఇవాళ పడుకోవచ్చు" అనుకున్నాను. అప్పట్నుంచి ప్రార్థనలో కళ్లు మూస్తే ఆవిడే కనిపిస్తుంది. దేవుడి దగ్గర కూడా ఈ మాట పైకి అనలేదండీ. చదివి చింపేయండి.

మీ వాణి

జురాంగ్ ఈస్ట్

ప్రియమైన వాణీ, దేవునికి స్తోత్రం!

ఈ ఆదివారం హాల్లో ఫోను చూసినవాడు లేడు. భారం మోసి అలసినవారి గురించి చెబుతూ, "నాకు తెలిసిన ఒక కోడలు" అని ఎత్తుకున్నాను. పేరు చెప్పలేదులే. "ఇవాళ పడుకోవచ్చు" అనేసరికి సాంబశివరావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కూటం అయ్యాక, పాటలు పాడే అమ్మాయి ఆమని వచ్చి, "పాస్టర్, మెసేజ్ సూపర్ అండీ! యూట్యూబ్ లింక్ చీరాలలో మా మమ్మీకి కూడా పెట్టేశా" అంది.

ఇలాంటివి ఇంకా ఉంటే రాయి.

నీ జీవరత్నం

చీరాల

ఏవండీ,

చాలా రోజులు రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

ఆ లింకు ఇక్కడికీ వచ్చింది. శుక్రవారం మనింట్లో ఉపవాస ప్రార్థన ముగిశాక, మా తమ్ముడి ప్రసంగమని వదినే టీవీలో పెట్టింది. నేను అందరికీ టీ ఇస్తున్నాను. మీరు పేరు చెప్పలేదు, నిజమే. కానీ అత్తమ్మకు ఎడమ చేయి పడిపోయిందనీ, గంజి చెంచాతో పోశారనీ చెప్పారు. తలలన్నీ నా వైపు తిరిగాయి. వదిన టీ తీసుకోలేదు. "మాయమ్మ పోతే నీకు నిద్రొచ్చిందా వాణీ?" అని వెళ్లిపోయింది.

దేవుడికి చెప్పలేనిది మీకు చెప్పాను.

వాణి

జురాంగ్ ఈస్ట్

వాణీ,

ప్రియమైన అని రాయడానికి మొహం చెల్లలేదు.

అక్కకు ఫోన్ చేశాను. "అమ్మ మంచం దగ్గర నువ్వూ లేవు, నేనూ లేను. వాణికి నిద్ర లేకుండా చేసింది మనమే" అన్నాను. ఏడ్చి ఫోన్ పెట్టేసింది. నీ దగ్గరికొస్తుందో లేదో తెలియదు. వీడియో తీసేయించాను. చూసినవాళ్ల కళ్లలోంచి ఎలా తీయను?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ క్షమాపణ రాస్తూ రాస్తూ మధ్యలో ఆగాను. "సొంత భార్యనే ప్రసంగానికి వాడుకున్న పాస్టరు. ఆదివారానికి భలే ఉంటుంది" అనిపించింది. మొహం కడుక్కుని వచ్చినా ఆ ఊహ పోలేదు. నీకు చేసిన దానికంటే దీనికి ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

నిన్న ఆదివారం హాల్లో ఒక కీర్తన చదివి, "ఈ వారం నా దగ్గర చెప్పడానికేమీ లేదు" అని కూర్చున్నాను. సాంబశివరావుగారే లేచి ప్రార్థన చేశారు. ఏమైంది పాస్టర్ అని అందరూ అడుగుతున్నారు. చెబితే హాలంతా ఏడుస్తుంది, నాకు తెలుసు.

చెప్పను.

జీవరత్నం