పచ్చ చుక్క లేని చీటీ

జూన్ 3

ప్రియమైన అక్కకి,

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిట్రా అని మళ్లీ నవ్వుతావని తెలుసు. ఏం చెయ్యను, నేను కంప్యూటర్లు చూసే ముప్పై షాపులకీ ఇదే రూలు. పాస్‌వర్డు కాగితం మీదే వెళ్లాలి, చదివాక చింపెయ్యాలి. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు బావ పెట్టించిన రూలు కదా, మార్చబుద్ధి కాదు. చీటీ లోపల పెట్టాను. నువ్వైనా చింపు. ఆ షాపుల్లో ఒక టైలరు తన చీటీని కుట్టుమిషను మీద అంటించుకున్నాడు, వచ్చినవాళ్లందరికీ కనపడేట్టు!

ఇక ఈ నెల సంగతులు. మన కళ్లజోళ్ల షాపులో ఉన్న పాత కంప్యూటరుకి నెలాఖరుతో అప్‌డేట్లు ఆగిపోతాయి. ఆ తర్వాత అది గడియ లేని తలుపే. మిగతా షాపులన్నీ కొత్తవాటికి మారిపోయాయి, నువ్వొక్కదానివే మిగిలావు. ముప్పైన నేనే వచ్చి కొత్తది పెట్టి, పాతది పట్టుకుపోతాను. వెనక గదిలో యూపీఎస్ బ్యాటరీ మార్చే గడువు కూడా దాటింది. అదీ అప్పుడే చూద్దాం, ఈలోగా ఏం కొంప మునగదు.

ముందుగా బావ పేరు మీదున్న లాగిన్ ఇక్కడినుంచే తీసేశాను. ఆయన పోయి ఎనిమిది నెలలైంది, అయినా ఆ బటన్ నొక్కడానికి నాకు అరగంట పట్టింది.

నేను కనెక్టయినప్పుడు తెర మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. గాభరా పడకు.

నీ తమ్ముడు


జూన్ 9

చిరంజీవి తమ్ముడికి,

పాస్‌వర్డు చింపేశాను. సంతోషమా?

నువ్వు మీ బావ లాగిన్ తీసేశానన్నావు. మరి రోజూ పదకొండింటికి తెర మీద పసుపు చీటీ ఎలా వస్తోందిరా? 'మేస్త్రీ, మాత్ర వేసుకున్నావా' అని. ఆయన ఉండగా నా బీపీ మాత్ర కోసం పెట్టిన చీటీ అది. అందరి ముందూ నన్ను మేస్త్రీ అనే పిలిచేవారు కదా, షాపులో పనివాళ్లమీద కేకలేస్తానని. పాతదే వస్తోందిలే అనుకున్నాను.

నిన్న మందుల డబ్బా తీశాను. వెంటనే ఇంకో చీటీ వచ్చింది. 'అది కాదు మేస్త్రీ, కుడి పక్కది.' చూస్తే నా చేతిలో ఉన్నది నిజంగానే వేరే డబ్బా. షాపులో అద్దాలు చూసుకుంటున్న ఆవిడ, 'ఏమయిందమ్మా, అలా పాలిపోయారు' అంది. ఏం చెప్పమంటావు?

వచ్చి చూడు, లేదా కనీసం ఒక ముక్క రాయి.

మీ అక్క


జూన్ 13

ప్రియమైన అక్కా,

కంగారేం లేదు. పాత ఫైళ్లని కాపీలోంచి తిరిగి తెచ్చేటప్పుడు బావ ఎప్పుడో రాసి పెట్టుకున్న చీటీలన్నీ వాటితోపాటు వచ్చేశాయి. ఆ రోజుకి అదొకటి తగిలింది, అంతే. తలనొప్పి మాత్రలూ బీపీ మాత్రలూ ఒకే అరలో పెడితే ఎవరైనా ఆ మాటే రాసి పెడతారు కదా.

మీ మరదలికి దగ్గు తగ్గింది. పంటి డాక్టరు గారి దగ్గర మూడు కంప్యూటర్లు మార్చే పని తగిలింది, వారమంతా అక్కడే.

మాత్ర మానకు. ముప్పైన వస్తున్నాను.

నీ తమ్ముడు


జూన్ 18

చిరంజీవి తమ్ముడికి,

ముప్పైన రావద్దు. వస్తే ఊరికే చూసిపోవడానికి రా, ఆ కంప్యూటరు మీద మాత్రం చెయ్యి వెయ్యకు.

నిన్న ఇంకో చీటీ వచ్చింది. 'వెనక గదిలో కూర్చోకు' అని. నేను మధ్యాహ్నం భోజనం అక్కడే చేస్తాను, బ్యాటరీ పక్కన కుర్చీ వేసుకుని. ఎందుకో అర్థం కాలేదు. అయినా ఆయన మాట ఎప్పుడు కాదన్నాను గనక? కుర్చీ కౌంటరు దగ్గరికి తెచ్చుకున్నాను.

నీకు పిచ్చిగా కనిపిస్తుందని తెలుసు. షాపు మూసే ముందు ఆ తెరకి ఆ రోజు కబుర్లన్నీ చెబుతున్నాను. నువ్వు దాన్ని ఎత్తుకుపోతే ఆయన్ని రెండోసారి సాగనంపినట్టే అవుతుందిరా. నావల్ల కాదు.

మీ అక్క


జూన్ 22

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

ఆ చీటీలు రాసింది నేనే. బావ లాగిన్ తీసేశాక, పదకొండింటికి చీటీ రాకపోతే నువ్వు మాత్ర మానేస్తావేమోనని భయమేసింది. కౌంటరు మీద దొంగల కోసం మనం పెట్టిన కెమెరాలోంచి చూసి, ఆయన రాసినట్టే రాశాను. డబ్బా సంగతీ అలాగే చూశాను. నిన్ను మోసం చేశాను, తిట్టు, పడతాను. కానీ ఒక నిజం చెప్పనీ. ఆయన మాటలు టైపు చేస్తుంటే ఆయన నా పక్కన నిలబడి 'నెమ్మదిగా కొట్టరా, మీటలు విరిగిపోతాయి' అంటున్నట్టే ఉండేది. అందుకే ఆపలేకపోయాను.

ఇవాళ్టితో కెమెరా ఆపేశాను, ఇక్కడినుంచి కనెక్షనూ తెంపేశాను. ఇకమీదట ఏ చీటీ రాదు.

వెనక గది చీటీ మాత్రం నేను రాయలేదు. పదిహేడున రోజంతా పంటి డాక్టరు గారి దగ్గరే ఉన్నాను, నీ షాపుకి కనెక్టే కాలేదు. నువ్వు భోజనం అక్కడ చేస్తావని కూడా అప్పటికి నాకు తెలియదు, ఆ గదిలో కెమెరా లేదు కదా. పగటి నిద్రలో ఏదో చూసుంటావు.

నన్ను క్షమించు.

తమ్ముడు


జూన్ 26

ఒరేయ్,

సిగ్గులేదురా నీకు! దొంగల కోసం కెమెరా పెట్టి సొంత అక్క ఏ మాత్ర మింగుతోందో చూస్తావా? చేతికి దొరికితే చెవి మెలిపెట్టేదాన్ని. మీ బావ నీకు పని నేర్పింది ఇందుకా? ఆయన గొంతు అరువు తెచ్చుకుని

ఇక్కడ ఆపాను. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆ చీటీలు నీవని, డబ్బా చీటీ వచ్చిన నాలుగో రోజుకే నాకు తెలిసిపోయింది. చీటీ వచ్చిన ప్రతిసారీ మూలన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. అయినా ఊరుకున్నాను. నాకెంత కావాలో నీకూ ఆయన అంతే కావాలి కదా అనుకున్నాను.

పదిహేడో తారీకు చీటీకి పచ్చ చుక్క లేదు. ఇంకోటి కూడా ఉంది. నీ చీటీలన్నింట్లో 'మేస్త్రీ' అని ఉంటుంది, ఎందుకంటే నీకు తెలిసిన పేరు అదే. మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయన పిలిచే పేరు వేరు. అది అమ్మకి కూడా తెలియదు, నీకూ చెప్పను. వెనక గది చీటీ ఆ పేరుతో వచ్చింది. అందుకే నిన్ను రావద్దన్నాను.

మొన్న ఇరవై నాలుగున, సరిగ్గా నా భోజనం వేళకి, బ్యాటరీ పేలిపోయింది. నా కుర్చీ ఉండే చోట గోడ సున్నమంతా యాసిడ్‌కి ఊడిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. షాపుకి కరెంటు పూర్తిగా తీసేసి వెళ్లాడు. రెండు రోజులుగా లైటు లేదు, ఫ్యాను లేదు. కంప్యూటరు తీగ నేనే ఊడదీసి చుట్టి పెట్టాను.

ఇవాళ పొద్దున్న కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని నిన్ను తిట్టడం మొదలుపెట్టాను. 'అరువు తెచ్చుకుని' దాకా వచ్చేసరికి కౌంటరు మీద తెర వెలిగింది. పచ్చ చుక్క లేదు. పసుపు చీటీ ఒక్కటే. ముందు ఆ పేరు, ఆ కింద, 'వాణ్ణి తిట్టింది చాలు, రానీ' అని. నేను చదివేదాకా ఉండి ఆరిపోయింది. చుట్టిన తీగ అప్పుడూ నా ఒళ్లోనే ఉంది, ఇప్పుడూ ఉంది. భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. చాలా ఏడ్చాను. తర్వాత లేచి కుడి పక్క డబ్బాలోంచి మాత్ర తీసి వేసుకున్నాను.

ముప్పైన రా. కొత్త కంప్యూటరు తెచ్చిపెట్టు, పాతది పట్టుకుపో. ఆయనకి అది అక్కర్లేదని తెలిసింది.

నీ అక్క