ఆదివారం వాక్యం నాదే

ఏమండీ, సాంబారు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. కాలేజీలో కొత్త సెమిస్టర్ మొదలు, వరసగా క్లాసులు. నేను ఇంటికి వచ్చేసరికి పొద్దుపోతుంది.

ఆదివారం మన తెలుగు చర్చిలో దేవుడు నాకు చేసిన మేలు గురించి నేను సాక్ష్యం చెప్పి కూర్చుంటానని మీరు సంఘపెద్ద మోజెస్ అంకుల్‌కి మాటిచ్చారట. పొద్దున్నే ఫోన్ చేసి మిమ్మల్ని తెగ మెచ్చుకున్నారు. ఆడవాళ్లు సాక్ష్యమైతే చెప్పొచ్చట, బైబిల్ వాక్యం మాత్రం బోధించకూడదట. నా దగ్గర థియాలజీ చదివేవాళ్లంతా రేపటి పాస్టర్లే. వారమంతా వాళ్లకు నేర్పే నోరు ఆదివారం మూసుకోవాలా? నేను వాక్యమే చెప్తాను. మాటిచ్చింది మీరు గనక, ఆయనకు ఫోన్ చేసి మీరే చెప్పండి.

ఎస్తేరు

తెల్లచొక్కా ఇస్త్రీ చేశాను. ముందు వరసలో కూర్చోండి. మొదటి ఆమెన్ మీ నోటే వినపడాలి.