సోంపు ఎవరితోనూ పడదు

జూన్ 2, ఆదివారం
ఇవాళ్టి నుంచి మేడ మీద కూరగాయల తోట! ఏది పడితే అది, ఎక్కడ పడితే అక్కడ కాదు. అంతా జోడీల ప్రకారం. ఏ మొక్క పక్కన ఏది బాగుపడుతుందో, ఏది చెడుతుందో చార్టు గీసి మెట్ల తలుపుకు అంటించాను. బడిలో పరీక్షలకు సీటింగ్ వేసేది నేనే. అంతమంది పిల్లల్ని విడదీసినదాన్ని, మొక్కలొక లెక్కా!

టమాటా, బంతి: ప్రాణ స్నేహం.
మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి: ముగ్గురక్కచెల్లెళ్లు. ఒకే తొట్టి.
చిక్కుడు, ఉల్లి: ఉప్పూ నిప్పూ.
సోంపు: ఎవరితోనూ పడదు. మేడ ఎక్కనివ్వను.

ప్రతిజ్ఞ: ఈ సీజనంతా చార్టు దాటను. మా ఆయన "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" సంగతీ చూస్తాను.

జూన్ 9
మొలకలు!! కింది వాటాలో ఉండే నా తోడికోడలు కూడా తోటలో చేరింది. బ్యూటీ పార్లర్ నడుపుతుంది, తీరిక దొరికితే పైకొస్తుంది. నీళ్లు పోస్తూ ఒకటే కబుర్లు. "నాకేం తెలీదక్కా, ఖాళీ కనపడితే గుచ్చేస్తా" అంది. గుచ్చింది కూడా. ఉల్లి తొట్టి తెచ్చి సరిగ్గా నా చిక్కుడు పక్కనే పెట్టింది! నవ్వి ఊరుకున్నాను. లోపల మాత్రం ఊరుకోలేదు.

జూన్ 15
ఆమె పార్లర్‌కి వెళ్లగానే ఉల్లి తొట్టిని అవతలి మూలకి జరిపేశాను. చెప్పలేదు. చెప్పేదేముంది, చార్టులో ఉందిగా.

జూన్ 19
ఆ మూల ఏసీ డబ్బా వేడిగాలి వదులుతుందని నాకేం తెలుసు! ఉల్లికాడలన్నీ మాడి పడిపోయాయి. "ఒక్క మాట అడగొచ్చు కదక్కా" అంది తోడికోడలు. గొంతు కూడా పెంచలేదు. తిట్టినా బాగుండేది. నేనూ తగ్గలేదు. "చార్టు చూసుకుని పెట్టాల్సింది" అన్నాను.

జూన్ 20
మాటల్లేవు. సుద్దముక్కతో మేడకి అడ్డంగా గీత గీశాను. ఇటు నావి, అటు తనవి. "మీ తమ్ముడి భార్య అచ్చం సోంపే" అన్నాను మా ఆయనతో. ఆయన పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

జూలై 4
పేపర్లు దిద్దే పని. కలుపు తీయలేదు. అయినా కలుపు మొక్కలు చార్టులో లేవు, వాటి మీద నాకేం అధికారం?

జూలై 11
బంతి ఎండిపోయింది. అది పోగానే టమాటాకి పురుగు. మొక్కజొన్న గాలికి వాలింది, దాన్ని పట్టుకుని వేలాడుతున్న చిక్కుడూ పడింది. ముగ్గురిలో మిగిలింది గుమ్మడి ఒక్కతే. అది కూడా గీత దాటి అటు పోయింది! చార్టు వానకి తడిసి చిరిగింది. మళ్లీ అంటించే ఓపిక లేదు.

జూలై 20
ఇటు వైపు గుమ్మడి పిందెలు వేలెడంత కాగానే పసుపు తిరిగి రాలిపోతున్నాయి. ఒక్కటీ నిలవలేదు. గీతకి అవతల, అదే తీగకి, గుండ్రంగా నిగనిగలాడే కాయ! తీగ నాది, చోటు తనది. మరి కాయ ఎవరిది? అడగాలంటే మాట్లాడాలి. మాట్లాడను.
నిజం చెప్పాలంటే, ఆ కబుర్లు లేక మేడ బోసిపోయింది. నీళ్లు పోయడం కూడా వెట్టిచాకిరీలా ఉంది.

జూలై 27, ఉదయం 6.30
పైకి వెళ్లేసరికి తోడికోడలు గీతకి అవతల గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో బుగ్గలకి రంగు వేసే బ్రష్షు. మగపువ్వులో పుప్పొడి అద్ది ఆడపువ్వుకి రాస్తోంది! ముక్కు మీదంతా పసుపచ్చటి పొడి.
"ఇక్కడికి తేనెటీగలు రావట్లేదక్కా" అంది తలెత్తకుండానే. "అందుకే పొద్దున్నే వీటికి నేనే మేకప్ వేస్తున్నా. ఇటువైపు పూలకే లెండి. అటు రావడానికి పర్మిషన్ లేదుగా!"
ఇన్నాళ్లకి "అక్కా" అని వినగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.
"ఉల్లి విషయంలో తప్పు నాదే" అన్నాను.
"తెలుసు. ముందు ఈ బ్రష్షు పట్టుకోండి, ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది."
వాన చెరిపినప్పుడల్లా మళ్లీ మళ్లీ గీసిన ఆ గీతని కాలితో తుడిచేసి అటు వెళ్లాను.

ఆగస్టు 4, ఆదివారం
కొత్త చార్టు! ఈసారి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించాను. జోడీలన్నీ మళ్లీ మొదటి నుంచి.
సాయంత్రం తోడికోడలు నర్సరీ నుంచి ఒక కుండీ పట్టుకుని వచ్చింది. ఈకల్లాంటి సన్నటి ఆకులు.
"ఏం మొక్క ఇది?"
"సోంపు" అంది నవ్వు ఆపుకుంటూ. "నాకు మీరు పెట్టిన పేరట కదా! బావగారు చెప్పారు. మనసుపడి తెచ్చుకున్నా."
మా ఆయన సంగతి తర్వాత చూస్తాను! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తను ఫక్కుమంది. ఇక నేనూ ఆపుకోలేకపోయాను. ఇద్దరం నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడ్డాం.
చార్టు ప్రకారం సోంపు ఎవరితోనూ పడదు. ఈసారి సీటింగ్ నేను వేయలేదు, తననే అడిగాను. ఒకప్పుడు గీత ఉన్న చోట, ఇప్పుడు కబుర్లకని వేసుకున్న మా ఇద్దరి కుర్చీలకీ మధ్యలో పెట్టింది.

ప్రతిజ్ఞ: రేపటి నుంచి మాత్రం చార్టు దాటేది లేదు!