చివరి గేటు దగ్గర

హార్షం, సోమవారం

కోరల్ అక్కా,

నువ్వూ బావా కులాసా అనుకుంటాను. నా ఒంటికేం ఢోకా లేదు, బాధంతా మనసుకే. ఫోనులో చెబుదామంటే లిండ్సే పక్కనే ఉంటాడు. చూపు తగ్గినకొద్దీ ఈయనవి పాము చెవులయ్యాయి. అందుకే ఈ ఉత్తరం.

అవును, చూపు. నీకు కూడా చెప్పలేదు. మా ఆయనకి ఎదురుగా ఉన్నదేదీ కనబడదు, పక్కలు మాత్రం మసగ్గా తెలుస్తాయి. నిరుడు చలికాలంలో డాక్టరు ఇక బండి తోలొద్దన్నాడు. ఎవరికీ చెప్పనని ఈయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ చుట్టాల ఇళ్ళు చుట్టే ప్రయాణంలో వార్నంబూల్‌లోని మా ఇంటి నుంచి కారూ, దాని వెనక గుడారపు ట్రైలరూ లాక్కొస్తున్నది నేనే. అరవై దాటాక నేర్చుకున్నాను. ఇప్పుడు ఎంత పెద్ద లారీ ఎదురొచ్చినా బెదరను. గొప్పలు పోతున్నాననుకో, ఫరవాలేదు.

నిన్న వాళ్ళ పిన్ని కొడుకు రస్ పొలానికి వెళ్ళాం. పక్క సీట్లో ఉన్నవాళ్ళే దిగి గేటు తీయాలి కదా. లిండ్సే దిగాడు, తీశాడు, తిరిగొచ్చి నా వైపు తలుపు తెరిచాడు. "ఇక్కణ్ణుంచి వీళ్ళ పొలమేగా, తిన్నని దారి. నేను పోనిస్తా, జరుగు" అన్నాడు. జరిగాను. నత్తలా నడిపి ఇంటి ముందు ఆపాడు. రస్ ఎదురొచ్చి, "శభాష్ అన్నా! ఇంత బరువు ఇంత దూరం లాక్కొచ్చావా!" అంటే, ఈ మహానుభావుడు నవ్వుతూ తలూపాడు. "వదినకేం, దారంతా కునుకు తీసుంటుంది" అని నాకో ముక్క. రాత్రి నాకు తిండి సయించలేదు.

ఎల్లుండి కెల్విన్ ఇంటికి. తమ్ముడంటే లిండ్సేకి ప్రాణం, పోటీ కూడా. అయినా సరే, అక్కడ నేను సీటు దిగను.

నీ నరెల్


ఓయెన్ అవతల, గురువారం

అక్కా,

దిగలేదు!

కెల్విన్ వాళ్ళ గేటు తీసి లిండ్సే నా తలుపు దగ్గరికొచ్చాడు. అద్దం దించి, "అటు ఎక్కు" అన్నాను.

"తమ్ముడి ముందు నా పరువు తీస్తావా?"

"కళ్ళు కనబడకపోతే పరువెందుకు పోతుంది? నా కష్టం నీదని చెప్పుకుంటే పోతుంది గానీ."

చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో ఎక్కాడు.

అక్కడ ట్రైలర్‌ని షెడ్డుకీ వాననీటి ట్యాంకుకీ మధ్య సందులోకి వెనక్కి పెట్టాలి. వాళ్ళింట అదో వేడుక. కెల్విన్ కొడుకులూ కోడళ్ళూ మడత కుర్చీలు వేసుకుని, బీరు సీసాలు పట్టుకుని కూర్చున్నారు. "అదేంటి, వదిన తోలుతోంది! పిల్లల్ని లోపలికి పంపండర్రా!" అని కెల్విన్ నవ్వి, ట్రైలర్ వెనక నిలబడి చేతులూపడం మొదలెట్టాడు. పక్కనే మా ఆయన కూడా.

"రానీ... రానీ..."

అద్దంలో ట్యాంకు మరీ దగ్గరగా కనబడి ఆగాను.

"ఎందుకాగావ్ వదినా? బోలెడు జాగా ఉంది, రానీ!"

ట్యాంకు వాళ్ళది, వెనక నిలబడింది వాళ్ళు. రానిచ్చాను. ధడేల్మంది. కొళాయి విరిగి, వానల్లేని ఆ ఊళ్ళో దాచుకున్న నీళ్ళన్నీ వాళ్ళ బూట్ల మీదుగా పారాయి. కెల్విన్ భార్య గ్లెనిస్ పరిగెత్తుకొచ్చి కన్నంలో తువ్వాలు కుక్కింది.

"ఒరేయ్, ఇంత ట్యాంకు కనబళ్ళేదా నీకు?" అన్నాడు లిండ్సే.

"నీకు కనబడిందేంటి?" అన్నాడు కెల్విన్.

ఇద్దరూ ఒకరినొకరు చూడబోయి తలలు పక్కకి తిప్పారు. ఎదురుగా కనబడనివాళ్ళు అలాగే చూస్తారక్కా, నాకు బాగా తెలుసు. గ్లెనిస్‌కీ తెలుసు. "ఈయనకి రెండేళ్ళుగా ఇంతే. కోత మిషను కూడా నేనే నడుపుతున్నా. ఎవరికైనా చెబితే ఊరుకోనన్నాడు" అని ఆ తడి తువ్వాలు వదలకుండానే ఏడ్చేసింది.

అప్పుడు లిండ్సే కుర్చీల వైపు తిరిగాడు. "వార్నంబూల్ నుంచి బండి తోలింది నరెల్. రస్ ఇంటికీ తనే. చివరి గేటు దగ్గర నేను సీటు మారాను, అంతే."

అందరి ముందూ అన్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

నీ నరెల్


బ్రోకెన్ హిల్, సోమవారం

అక్కా,

ఇప్పుడు రెండు ట్రైలర్లు. ఒకటి నాది, ఒకటి గ్లెనిస్‌ది. ట్యాంకుకి కొత్త కొళాయి బిగించి, అందరం కలిసి పెద్దాడపడుచు ఏవిస్ వదిన ఇంటికొచ్చాం. ఎనభై దాటినా ఆవిడ నోటి జోరు తగ్గలేదు. అన్నదమ్ములు దిగి, సిగ్గన్నది లేకుండా, మళ్ళీ వెనక నిలబడి "రానీ, రానీ" అంటూ చేతులూపారు. నేను వాళ్ళ వైపు చూస్తే ఒట్టు. అద్దాలు చూసుకుని ఒక్క ఊపున పెరట్లో పెట్టేశాను. నా వెనకే గ్లెనిస్.

టీ తాగుతూ జరిగిందంతా చెబితే ఏవిస్ వదిన పకపకా నవ్వింది.

"నాన్నవీ ఇవే కళ్ళురా. మీకు ఊహ తెలిసేనాటికే అమ్మ తోలేది. మన గేటు దగ్గర అమ్మ దిగిపోయేది, నాన్న ఆ సీట్లోకి మారేవాడు. మీరిద్దరూ 'నాన్నొచ్చాడు, నాన్నొచ్చాడు' అంటూ బండికి ఎదురు పరిగెత్తేవాళ్ళు."

"మరి అమ్మ?" అన్నాడు లిండ్సే.

"గేటు మూసి, ఆ దుమ్ములో వెనకాల నడిచొచ్చేది."

లిండ్సే కప్పు కింద పెట్టేశాడు. నాకు ఫోటోలో చూసిన అత్తగారి ముఖమే కళ్ళ ముందు కదిలింది. నా పెళ్ళికి ముందే పోయిన మనిషి, ఆవిడ మీద అంత ప్రేమ పుడుతుందనుకోలేదు.

ఇవాళ పొద్దున్న బజారుకి బయల్దేరాం. లిండ్సే దిగి గేటు తీశాడు. నేను బండి దాటించాను. గేటు మూసి, నడిచొచ్చి, నా పక్కన తన సీట్లో కూర్చున్నాడు.

"పద, నరెల్" అన్నాడు.

నీ చెల్లెలు,
నరెల్