ఆట నువ్వే చెప్పు, బ్రెన్నన్

యంగ్స్‌టౌన్,
12 నవంబరు 1952

ప్రియమైన ఇలోనా అక్కకి,

నా కోడిగీతల్నీ తప్పుల్నీ క్షమించు. సిల్కు మిల్లు కోసం ఆరో తరగతిలోనే బడి మానేసిన చెయ్యి ఇది.

మీ మరిది ఎలా ఉన్నాడని అడిగావు. ఆదివారం ఫుట్‌బాల్ ఆట నుంచి వచ్చాక చొక్కా గుండీలు నేనే విప్పాను. డొక్కలంతా కమిలిపోయాయి. ఈయన క్వార్టర్‌బ్యాక్ కదా, ఈయన బంతి విసిరేదాకా అవతలివాళ్లు మీద పడకుండా ముందు ఐదుగురు అడ్డం నిలబడాలి. మావాళ్లు కావాలనే పక్కకి తప్పుకుంటున్నారక్కా. ముసలి బ్రెన్నన్ ఆ ఐదుగురిలో పెద్దన్న లాంటివాడు. అతన్ని వేరే టీముకి అమ్మెయ్యమని మా ఆయన ఆండ్రూయే అడిగాడని టీము ఆఫీసు వాళ్లకి నూరిపోసింది. స్టేడియంలో వాళ్ల ఆడవాళ్లు నా పక్కన కూర్చోవడం మానేశారు. ఇదంతా టీము యజమాని అల్లుడిని ఈయన చోట నిలబెట్టడానికే.

నిన్న మేనేజరు ప్రూయిట్ గారు మా వంటింటికే వచ్చారు. టోపీ ఒళ్లో పెట్టుకుని, "అమ్మాయ్, భుజం పోయిందని మీ ఆయనచేత ఒక్క మాట చెప్పించు. జీతం ఎక్కడికీ పోదు. పంతానికి పోతే స్ట్రెచర్ మీద మోసుకురావాలి" అన్నారు.

నేను కాఫీ పోసి, సరేనని తలూపాను. మా ఆయనకింకా చెప్పలేదు. ఈ ఆదివారం ఆట అయ్యాక కాళ్లు పట్టుకునైనా ఒప్పిస్తాను. ఆయన్ని అలా నేలకేసి కొడుతుంటే చూడలేనక్కా.

నీ చెల్లెలు
వెరొనా

యంగ్స్‌టౌన్,
17 నవంబరు 1952

అక్కా,

నిన్న నేను చూసింది ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మంచు పడుతోంది, మైదానమంతా బురద. ఈయన పడ్డారు, లేచారు. మళ్లీ పడ్డారు. లేచినప్పుడల్లా, తనని పడనిచ్చినవాడి వీపే తట్టి వెళ్లారు. జనం ఈలలు వేసి వెక్కిరించారు. ఏ ఆట ఆడాలో ఆఫీసు మాటగా చెప్పడానికి బెంచీ నుంచి ఒకడు పరిగెత్తుకొచ్చాడు. ఈయన వాణ్ణి వెనక్కి పంపేశారు. తర్వాత అందరూ గుండ్రంగా తలలు వంచారు. ఈయన ఏదో అడిగారు.

ఆ తర్వాత ఆ ఐదుగురూ నిలబడ్డారక్కా, గోడ లేచినట్టు. ఆ గోడ వెనక మా ఆయన, పొద్దున ఊరగాయ సీసా మూత తియ్యలేక నాకిచ్చిన మనిషి, ప్రపంచంలో తొందరేమీ లేనట్టు నిలబడి చూస్తున్నారు. ఒక్కడూ ముట్టుకోలేకపోయాడు. బంతి విసిరారు. అది మంచులో తిరుగుతూ పోయింది. ఇన్నాళ్లూ నేను ఎవరితో కాపురం చేస్తున్నానో నాకే తెలియదనిపించింది. బంతి అందుకున్నవాడు అవతలివాళ్ల చివరి గీత దాటేశాడట. నేను ఈయన్నే చూస్తున్నాను.

ఆట అయ్యాక బ్రెన్నన్ ఈయన్ని ఇంటికి తీసుకొచ్చి, మా క్యాబేజీ సూప్ తాగుతూ చెప్పాడు.

"పిల్లా, మీవాడు ఏమన్నాడో తెలుసా? 'నిన్ను అమ్మమని నేనన్నానని నమ్మితే ఇప్పుడే నన్ను తొక్కించెయ్. నమ్మకపోతే ఆట నువ్వే చెప్పు, బ్రెన్నన్' అన్నాడు. ఇన్నేళ్లలో నన్నెవడూ అడగలేదు."

"నీకు వచ్చింది ఒక్క ఆటేగా," అన్నారు ఈయన. "ఎంచుకోవడం తేలికని అడిగాను."

"నోరు ముయ్యి, లేకపోతే వచ్చేవారం పక్కకి జరుగుతాను," అన్నాడు బ్రెన్నన్. తర్వాత నావైపు తిరిగి, "ఇతను తప్ప ఇంకెవడొచ్చినా మేం ఐదుగురం జరుగుతాం" అన్నాడు. అది హాస్యానికి అనలేదు.

అతను వెళ్లాక, పోయినవారం ప్రూయిట్ గారు వచ్చి అడిగిన సంగతి ఈయనకి చెప్పాను. "నువ్వేమంటావు?" అన్నారు. "మీ భుజం బాగానే ఉంది కదా" అన్నాను.

ఈ ఉదయం ప్రూయిట్ గారు ఫోను చేశారు. అదే మాట ఆయనకీ చెప్పాను. "అయితే వచ్చే ఆదివారం అల్లుడుగారే ఆడతారు, మీ ఆయన బెంచీ మీద కూర్చుంటాడు" అన్నారు.

"అలాగేనండీ," అన్నాను. "అల్లుడుగారి ముందు ఎవరు నిలబడతారో బ్రెన్నన్‌ని అడిగి చూడండి."

ఫోను నేనే పెట్టేశాను.

పోయిన వారం ఉత్తరంతోపాటు దీన్నీ పొయ్యిలో వేసెయ్. అమ్మ కంటపడనివ్వకు.

నీ
వెరొనా