బాపు నంబరు

మేడ్చల్ హాస్టల్

ప్రియమైన బాపూ,

ఇక్కడ ఫోన్ ఉండనివ్వరు కదా, అందుకే ఉత్తరం. అమ్మకు వినిపించకు. ఎవరో నా మొహాన్ని ఇంకెవరి ఒంటికో అతికించి ఫొటో చేశారు. ఇళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లల ఫోన్లన్నింటిలో అదే తిరుగుతోంది. అన్నానికి వెళితే నన్ను చూసి నవ్వుతున్నారు.

మా కంప్యూటర్ గదిలో కొత్తగా ఒకటి పెట్టారు. మన బాధ టైపు చేస్తే, పిల్లలకు ధైర్యం చెప్పే తృప్తి మేడం ఎక్కడో కూర్చుని చదివి జవాబిస్తుంది. నిన్న అంతా రాశాను. బతకబుద్ధి కావడం లేదని కూడా రాశాను. రాశాక కాస్త నిద్ర పట్టింది. నువ్వు పరేషాన్ కాకు.

నీ పూజ


శామీర్‌పేట

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం చదివాక చెరువులోకి దిగబుద్ధి కాలేదు. వల ఒడ్డునే పడేశాను. వెంటనే వద్దామంటే వార్డెనమ్మ ఆదివారమే రానిస్తానన్నది. ఆ ఫొటో చేసినవాడి చేతులు విరగ. సిగ్గుపడాల్సింది వాడు, నువ్వు కాదు. ఆ మేడంకు ఏదీ దాచకుండా చెప్పుకో. కొర్రమీను పులుసు తెస్తాను.

నీ బాపు ఓదెలు


బాపూ,

ఆదివారం రావద్దు. మేడంకు రాసిన మాటలు కూడా ఫోన్లలోకి వచ్చాయి. "బతకబుద్ధి గాని పూజొచ్చింది" అంటున్నారు. మేడంను అడిగాను. ప్రాణం మీదికొచ్చే మాట రాస్తే ఇంటికి తెలపాలట. నేను రాసిందంతా నా తండ్రి నంబరుకే పంపిందట. ఏమీ ఎరగనట్టు ఉత్తరం రాశావు. ఎవరికి చూపించావు? ఇక నీకు రాయను.

పూజ


అమ్మా పూజా,

ఆ నంబరు నాది కాదు. నా డబ్బా ఫోన్‌లో వాట్సాప్ రాదని, నిన్ను చేర్పించిన రోజు మీ పెదనాయిన కొడుకు బాలేష్ నంబరు ఇచ్చాను. రేషన్‌కూ గ్యాస్‌కూ వాడి నంబరే ఇస్తాం కదా. ఇంటి పిల్లగాడే అనుకున్నాను. గల్లా పట్టి అడిగితే "మజాక్‌కే ఆ బడిల నా దోస్తులకు పంపిన కాకా" అన్నాడు. ఆ ఫొటో చేసింది కూడా వాడే.

మీ పెదనాయిన నా కాళ్లు పట్టుకున్నాడు. "తమ్మీ, ఇంటి ఇజ్జత్ బజార్ల పడతది. ఠాణాకు పోకు" అన్నాడు. పోయాను. బాలేష్‌ను తీసుకెళ్లారు. ఇన్నేళ్లూ వల రెండో కొస పట్టింది మీ పెదనాయినే. ఇక పట్టడు. పట్టకపోతే మానె.

ఆదివారం నువ్వు వద్దన్నా వచ్చి మీ హాస్టల్ కిటికీలోంచి పిలిచాను. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. ఈ కాగితం ఊచల సందులోంచి నీ మంచం మీదికి వేస్తున్నాను. ఇక్కడే కూర్చున్నాను బిడ్డా. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. నీ గొంతు వినిపిస్తే చాలు.

నీ బాపు