చివరి వరుస

మనుమరాలికి తాత దీవించి, కొంత జంకుతో రాయునది.

సినిమావాళ్లు గురువారం నటన పరీక్షకు నిన్ను రమ్మన్నారని చెప్పాను గాని, ఎందుకు రమ్మన్నారో చెప్పలేదు. ఎదుట నిలిచి చెప్పే ధైర్యం లేక ఈ కాగితం నీ సంచిలో పెడుతున్నాను.

మొన్న నా నిఘంటువుల దొంతర మీద ఫోను నిలబెట్టి తీసిన రెండు వీడియోలలో, చక్కగా కుదిరిన రెండవదాన్ని వాళ్లకు పంపమన్నావు. కళ్లజోడు లేకుండా నేను పంపింది మొదటిది. నేను అడ్డు తగిలి, "గొంతు ఎత్తమ్మా, చివరి వరుసకు వినపడాలి" అన్నదీ, నువ్వు చటుక్కున తిరిగి, "చివరి వరుస ఎక్కడుంది తాతయ్యా, ఎదురుగా గోడేగా. కాసేపు నోటికి తాళం వేసుకోవా" అన్నదీ అందులోనే ఉన్నాయి.

వారు ఫోను చేసి, "పద్యం అప్పజెప్పినట్టు మొదలెట్టింది. కానీ పెద్దాయన మీద విసుక్కుందే, ఆ అమ్మాయి కావాలండీ" అన్నారు.

నలభై ఏళ్లు రంగస్థలం మీద పద్యం చదివిన నేను, నాకు తెలిసిన విద్యనే నీకు ధారపోశాను. ఇదివరకు రెండు చోట్ల నిన్ను కాదన్నది ఆ విద్య వల్లనేనేమో. ఇప్పుడూ తలుపు వేసుకొని నా పద్ధతిలోనే సాధన చేస్తున్నావు.

కెమెరా నీకు బారెడు దూరంలో ఉంటుంది. ఆ బారెడు దూరానికే మాట్లాడు. ఎదుటివాడి మాట పూర్తిగా విను. నన్ను తలచుకోకు, తలచుకోక తప్పకపోతే, మొన్న నా మీద విసుక్కుంటూ చూసినట్టే చూడు.

ఇట్లు,
నోటికి తాళం వేసుకున్న తాత